పేజీలు తిరుగుతున్నాయి, తలకెక్కడం లేదు

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. ఈ మధ్య ఉద్యోగంలో బాధ్యతలు పెరిగాయి. వారానికి మూడు నాలుగు నివేదికలు, ఒక్కొక్కటి ముప్పై నలభై పేజీలు, చదువుకుని సమావేశాలకు వెళ్లాలి. దీనికి తోడు శాఖాపరమైన పరీక్ష ఒకటి రాయాలి. నేను చాలా నెమ్మదిగా చదువుతాను. ఒకే లైను రెండుసార్లు చదువుతాను. చదువుతున్నంతసేపూ లోపల ఒక గొంతు ప్రతి మాటనూ పలుకుతూనే ఉంటుంది. నిమిషానికి వెయ్యి పదాలు చదివిస్తామంటే ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరి నెల రోజులు సాధన చేశాను. పేజీలు గబగబా తిరుగుతున్నాయి. తీరా ఏం చదివావో చెప్పమంటే నోరు పెగలడం లేదు. నాలో ఏమైనా లోపం ఉందా? వేగమూ అర్థమూ రెండూ దక్కే దారి ఉందా? ఇంకొక చిన్న సందేహం. మొదలుపెట్టిన పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం తప్పా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘నోరు పెగలడం లేదు’. నెల రోజుల సాధన తర్వాత మీకు మీరే పరీక్ష పెట్టుకున్నారు, తప్పానని ఒప్పుకున్నారు. వేగంగా చదువుతామని చెప్పుకునేవారిలో చాలామంది ఆ పరీక్ష జోలికే పోరు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. లోపం మీలో లేదు, మీకు అమ్మిన మాటలో ఉంది.

ఈ విషయంలో నేనూ చేతులు కాల్చుకున్నవాణ్ణే. చాలా ఏళ్ల క్రితం ఇలాంటి శిక్షణ తరగతి ఒకదానికి డబ్బు కట్టాను. పేజీ నడుమ వేలితో నిలువుగా గీత గీసినట్టు కిందికి జారిపోవాలనీ, కళ్లు రెండు అంచుల్లోని మాటలనూ వాటంతట అవే పీల్చుకుంటాయనీ నేర్పారు. చివరి రోజు మూడు పేజీల వ్యాసం ఇచ్చారు. నిమిషంన్నరలో ముగించి, పది ప్రశ్నల్లో ఏడింటికి సరైన జవాబులు గుర్తించాను. ఇంటికి చేరేదాకా కాళ్లు నేల మీద ఆనలేదు. మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి, ఆ ప్రశ్నపత్రాన్ని మాత్రమే, వ్యాసం చూపించకుండా, ఇంట్లోవారి చేతికి ఇచ్చాను. ఏమీ చదవకుండా, ఉత్త ఊహ మీద, ఆరు సరిగ్గా గుర్తించారు. అంటే నేను కట్టిన రుసుముకు దక్కింది ఒక్క మార్కు. అప్పటినుంచి ఎవరైనా తమ చదువు వేగం అంకెల్లో చెబితే, పుస్తకం మూసి ఏముందో చెప్పమని అడగాలనిపిస్తుంది. మర్యాద కాదని ఊరుకుంటాను.

కన్ను ఎలా చదువుతుందో ఒకసారి చూస్తే ఈ వెయ్యి పదాల సంగతి దానంతట అదే తేలిపోతుంది. లైను మీద చూపు సాఫీగా జారుతుందని మనకు అనిపిస్తుంది. అది నిజం కాదని 1870ల చివరలోనే, ఫ్రాన్సుకు చెందిన కంటి వైద్యుడు లూయీ ఎమీల్ జవాల్ పరిశోధనశాలలో గమనించారు. చూపు పిచ్చుకలా గెంతుతుంది. ఒకచోట వాలుతుంది, పావు సెకను అటూ ఇటూగా ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. చదవడమంతా ఆగినప్పుడే జరుగుతుంది. గెంతే క్షణంలో కన్ను కొత్తగా ఏమీ గ్రహించదు. పోనీ ఆగినప్పుడైనా లైనంతా కనిపిస్తుందా? చేయి బారుగా చాచి బొటనవేలి గోరును చూడండి. మన చూపులో నిజంగా పదునుగా ఉండే మేర ఇంచుమించు ఆ గోరంతే. దాని చుట్టూ ఉన్నదంతా అంచులకు పోయేకొద్దీ మసక. ఇంగ్లీషు చదివేవారి మీద చేసిన ప్రయోగాల్లో, చూపు నిలిచిన చోటికి కుడివైపున పద్నాలుగు పదిహేను అక్షరాలు దాటి ఉన్నదేదీ వారికి పనికిరాలేదు. పేజీ నడుమ నిలబడి రెండు అంచులనూ ‘పీల్చుకోవడం’ ఏ కంటికీ సాధ్యం కాదు.

ఇప్పుడు లెక్క వేయండి. సెకనుకు నాలుగు మజిలీలు, నిమిషానికి రెండు వందల నలభై. ఒక్కో మజిలీలో ఒక పదం, చిన్నవైతే రెండు. 2019లో మార్క్ బ్రైస్‌బార్ట్ అనే పరిశోధకుడు 190 అధ్యయనాలను కలిపి చూస్తే, పెద్దవాళ్లు ఇంగ్లీషును మౌనంగా చదివే సగటు వేగం కథేతర రచనల్లో నిమిషానికి 238 పదాలు, కథల్లో 260 పదాలు అని వచ్చింది. కంటి లెక్కా ఆ లెక్కా ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. నిమిషానికి వెయ్యి అంటే నాలుగింట మూడు వంతులు చూడకుండా వదిలేయడమే. వదిలేయడం తప్పని కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. వదిలేస్తూ చదివాననుకోవడం దగ్గరే పేచీ వస్తుంది.

ఈ అంకెలను తెలుగుకు తగిలించుకుని దిగులుపడకండి. ‘వెళ్లలేకపోతున్నారనుకుంటాను’ అన్నది మనకు ఒకే పదం. ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది కావాలి. పదాలు లెక్కపెట్టి చూస్తే తెలుగు చదివే ప్రతివారూ నత్తలాగే కనిపిస్తారు. మీ వేగాన్ని కొలుచుకోవాలనిపిస్తే పేజీల్లో కొలుచుకోండి, అదీ నిన్నటి మీతోనే.

మీరు చెప్పిన రెండు ‘దురలవాట్ల’ దగ్గరకు వద్దాం. లోపలి గొంతు చాలామందికి ఉంటుంది. పెదవులు కదిపి గొణుక్కుంటూ చదివితే నెమ్మది అవుతుంది, నిజమే. అది మానవచ్చు. కానీ తలలో వినిపించే గొంతు వేరు. ప్రయోగాల్లో, చదివేవారి చేత సంబంధంలేని మాటలేవో పదే పదే పైకి పలికిస్తూ ఆ గొంతును అణచి చూశారు. విడి విడి మాటలు తెలిశాయి కానీ, వాక్యాన్ని వాక్యంతో ముడివేసి సారం తీయడం దెబ్బతిన్నది. పొడవైన వాక్యం మొదలు, అది ముగిసేవరకు గుర్తుండేలా నిలిపి ఉంచేది ఆ గొంతే. దాని నోరు నొక్కితే మీరు చెప్పిన పరిస్థితే వస్తుంది. తెలిసిన సంగతులు చదివేటప్పుడు అది తనంతట తానే తొందరపడుతుంది, సగం సగం పలుకుతుంది. దాని మానాన దాన్ని వదిలేయండి.

వెనక్కి వెళ్లి చదవడం కూడా అంతే. మంచి చదువరుల చూపుల్లో కూడా నూటికి పది పదిహేను గెంతులు వెనక్కే ఉంటాయి. 2014లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. తెర మీద చదివేసిన మాటను చదివినట్టే కప్పేస్తూ పోయారు, అంటే వెనక్కి చూసినా ఏమీ కనిపించదు. అర్థం చేసుకోవడం తగ్గిపోయింది. మాటలను ఒకదాని తర్వాత ఒకటి మెరిపించి చూపే యాప్‌లు ఉన్నాయి కదా, వాటితో వచ్చే చిక్కు ఇదే. అవి పరుగెత్తిస్తాయి కానీ, తిరిగి చూసే హక్కును లాగేసుకుంటాయి.

అయితే వెనక్కి వెళ్లడంలో రెండు రకాలున్నాయి, ఇది మీరు నిజాయతీగా గమనించుకోవాలి. వాక్యం మెలిక తిరిగి ఉంటే వెనక్కి వెళ్లడం ఒకటి, అది మంచి చదువే. రెండోది, కళ్లు లైను మీద నడుస్తుంటే మనసు ఎక్కడో ఉండి, పేరా చివర ఉలిక్కిపడి మళ్లీ మొదటికి రావడం. మన సమయాన్ని తినేది ఈ రెండోదే. ఒకరోజు పరీక్షించి చూడండి. పక్కన ఒక చీటీ పెట్టుకుని, వెనక్కి వెళ్లిన ప్రతిసారీ, వాక్యం కోసమైతే ఒక గీత, మనసు తప్పిపోయినందుకైతే ఒక చుక్క పెట్టండి. నేను మొదటిసారి పెట్టినప్పుడు ఇరవై నిమిషాల్లో నాలుగు గీతలు, పదమూడు చుక్కలు వచ్చాయి. నా ‘నెమ్మది చదువు’ రహస్యం ఆ చుక్కల్లో ఉంది.

చుక్కలు తగ్గించడానికి మంత్రాలేమీ లేవు. ఫోను వేరే గదిలో ఉండాలి. బల్ల మీద బోర్లా పెట్టడం చాలదు. లైను కింద పెన్సిల్ మొన నడిపించడం బాగా పనిచేస్తుంది. అది కంటిని తరమడానికి కాదు, మనసును లైనుకు కట్టేయడానికి. ఒక్కసారిగా గంటన్నర కూర్చోవద్దు. ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు కూర్చోండి. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ రండి. నిద్ర చాలని రోజు ఇవేవీ పనిచేయవు. ఆ రోజు ముఖ్యమైనదేదీ చదవకండి.

వేగం కంటిలోంచి రాకపోతే మరి ఎక్కడినుంచి వస్తుంది? చెప్పేకంటే చూపిస్తాను. కింది పేరా చదవండి.

‘ముందు వెలుతురు ఉన్న చోటు చూసుకోవాలి. కొస సరిగ్గా ఉంటే పని సగం అయినట్టే. కొందరు తడి చేస్తారు, కొందరు కత్తిరిస్తారు. మొదటిసారి తప్పితే విసుక్కోకూడదు, చేయి వణుకుతుంది. వయసు మీద పడ్డాక దూరం పెంచుకోవాలి, లేదా పిల్లల్ని పిలవాలి. అవతలివైపు కనిపించగానే పట్టుకుని లాగాలి, ఆలస్యమైతే మళ్లీ మొదటికి వస్తుంది.’

తెలియని మాట ఒక్కటి లేదు. అయినా ప్రతి వాక్యం దగ్గరా తడబడి ఉంటారు, దేనికి కొస, ఎక్కడ అవతల అని. ఇప్పుడు శీర్షిక చెబుతాను: సూదిలోకి దారం ఎక్కించడం. మళ్లీ చదవండి. ఈసారి పట్టిన సమయం ఎంత? మీ కళ్లు అవే, పేరా అదే. మారింది మీరు వెంట తెచ్చుకున్న సరుకు.

1972లో బ్రాన్స్‌ఫోర్డ్, జాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పేరాతోనే, బట్టలు ఉతకడం గురించి పేరు చెప్పకుండా రాసిన పేరాతో, ప్రయోగం చేశారు. విషయం ఏమిటో ముందే చెప్పినవారికి బాగా అర్థమైంది, బాగా గుర్తుంది. తర్వాత చెప్పినవారికి దాదాపు ఏ లాభమూ కలగలేదు. ఆ ‘ముందే’ అన్న మాటను పట్టుకోండి. మీ నివేదికల చిక్కుకు మందు అక్కడుంది.

రేపు మీ బల్ల మీదికి ముప్పై ఎనిమిది పేజీల నివేదిక వచ్చిందనుకుందాం. కార్యాలయంలో పాత కంప్యూటర్ వ్యవస్థను మార్చాలా వద్దా అన్నది విషయం. మొదటి పేజీ మొదటి లైనుతో మొదలుపెట్టకండి. నాలుగైదు నిమిషాలు దాని చుట్టూ తిరిగి రండి. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు? విషయ సూచికలో ఏ భాగానికి ఎన్ని పేజీలు ఇచ్చారు? ఉపశీర్షికలు, పట్టికల తలకట్లు, చివరి సిఫారసులు చూడండి. తర్వాత నివేదికను పక్కన పెట్టి, ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు మీ చేత్తో రాయండి. మమ్మల్ని ఏం నిర్ణయించమంటున్నారు? దానికి ఎంత ఖర్చు, ఎంత కాలం? మార్చకపోతే ఏమవుతుంది? సమావేశంలో మిమ్మల్ని అడగబోయేవి ఇంచుమించు ఇవే.

ఇక లోపలికి వెళ్లండి. సిఫారసుల భాగం నిదానంగా, వాక్యం వాక్యం చదవండి. ‘నేపథ్యం’ అని ఎనిమిది పేజీలు ఉంటాయి. ఆ వ్యవస్థతో రోజూ పనిచేస్తున్న మీకు అందులో కొత్త ఏముంటుంది? ప్రతి పేరాలో మొదటి వాక్యం చూసి, కొత్త సంగతి తగిలిన చోట మాత్రమే దిగండి. పద్ధతుల గురించి రాసిన భాగాన్ని ఆ అంకెల మీద మీకు అనుమానం కలిగితేనే తెరవండి. పట్టికల్లో ముందు చివరి వరుస, తర్వాత కింద చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక చూడండి. ఆ గమనిక మాత్రం వదలకండి. రాసినవారు ఒప్పుకోవడానికి ఇష్టపడనివన్నీ అక్కడే ఉంటాయి. అనుబంధాల్లోకి వెళ్లనే వద్దు. ఇలా చూస్తే ముప్పై ఎనిమిదిలో నిజంగా చదవవలసినవి పన్నెండో పదమూడో పేజీలు తేలతాయి. గంటన్నర పని నలభై నిమిషాలకు దిగుతుంది. ఇందాక వదిలేయడం తప్పు కాదన్నది ఇందుకే. ఏం వదిలేస్తున్నారో తెలిసి వదలాలి. కళ్లు పరుగెత్తి ఏది పడితే అది వదిలేయడానికీ, మీరు ఏరి వదిలేయడానికీ చాలా తేడా ఉంది.

ఇక్కడ తెలుగు చదివేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. పైపైన చూసే పద్ధతుల్లో చాలావరకు ఇంగ్లీషు వాక్యం కోసం పుట్టినవి. ఇంగ్లీషులో క్రియ, ‘కాదు’ అనే మాట ముందే వచ్చేస్తాయి. మన వాక్యం అసలు సంగతిని చివరిదాకా దాచుకుంటుంది. ఈ వాక్యం చూడండి: ‘పాత వ్యవస్థను పూర్తిగా తొలగించి, అన్ని విభాగాల్లోనూ ఒకేసారి కొత్తదాన్ని ప్రవేశపెట్టడం ఖర్చు దృష్ట్యా సమంజసమని కమిటీ భావించడం లేదు.’ మొదటి నాలుగైదు మాటలు చూసి కన్ను కిందికి దూకితే, కమిటీ మార్చమంటోందని అనుకుంటారు. ఆ చివరి ‘లేదు’ మొత్తాన్ని తిరగేసింది. కాబట్టి తెలుగులో పైపైన చూసేటప్పుడు వాక్యం తల కంటే తోక ముఖ్యం. పూర్ణవిరామానికి ముందున్న మాట మీద చూపు తప్పకుండా వాలాలి.

మధ్యలో వచ్చే కొన్ని మాటలు కూడా అంతే. ‘అయితే’, ‘తప్ప’, ‘మినహా’, ‘లోబడి’, ‘అంటే’, ‘అందువల్ల’. ఇవి కనిపించగానే వేగం తగ్గించండి. ‘ఉదాహరణకు’, ‘పైన చెప్పినట్టు’ కనిపిస్తే, సంగతి అప్పటికే అర్థమై ఉంటే, పెంచండి. బాగా చదివేవారిని మీరు దగ్గరగా గమనిస్తే వారి వేగం ఎప్పుడూ ఒకటిగా ఉండదు. ఒక పేజీలో పది క్షణాలు, పక్క పేజీలో నాలుగు నిమిషాలు. నెమ్మదిగా చదువుతామని బాధపడేవారిలో చాలామంది నిజానికి అన్నింటినీ ఒకే వేగంతో చదివేవారు. ఒప్పంద పత్రాన్నీ, శుభాకాంక్షల ఉత్తరాన్నీ ఒకే భక్తితో చదువుతారు. మీరూ ఆ కోవలోనివారేనని నా అనుమానం.

పరీక్ష సంగతి వేరు. అక్కడ వదిలేసే వెసులుబాటు తక్కువ, గుర్తుండడం ముఖ్యం. చాలామంది చేసే పొరపాటు, పుస్తకాన్ని రంగు పెన్నులతో పసుపు పచ్చగా మార్చి, మళ్లీ మళ్లీ చదవడం. మూడోసారికి పేజీ పరిచయమైపోతుంది. ఆ పరిచయాన్ని మనం జ్ఞాపకం అనుకుంటాం. రోజూ ఎదురయ్యే ముఖమే, పేరు చెప్పమంటే రాదు, అలాంటిది. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకొక జట్టు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే మెరుగు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవారికి 42 శాతమే. మీ పరీక్ష అయిదు నిమిషాల్లో ఉండదు కదా.

కాబట్టి ఒక అధ్యాయం కాగానే పుస్తకం మూయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. వరుస తప్పినా ఫరవాలేదు, మాటలు మీవే కావాలి. తర్వాత పుస్తకం తెరిచి, ఏం జారిపోయిందో చూసి, ఆ ముక్క మాత్రమే మళ్లీ చదవండి. రెండు రోజుల తర్వాత ఇంకోసారి కాగితం, అదే పని. మొదట్లో ఇది అవమానంగా ఉంటుంది. పదిహేను పేజీలు చదివి నాలుగు వాక్యాలు రాయలేకపోతారు. ఆ చేదు మింగడం ఇష్టం లేకే మనం మళ్లీ చదవడం అనే తీపి మందు తీసుకుంటాం. సర్వే, ప్రశ్న, చదవడం, చెప్పుకోవడం, పునశ్చరణ అని అయిదు మెట్ల పద్ధతి ఒకటి 1946 నుంచి ప్రచారంలో ఉంది. ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే ఆచార్యుడు రూపొందించాడు. చాలామంది దాన్ని తంతుగా చేసి, అయిదు రంగుల పట్టికలు గీసుకుని, మూడో రోజుకు మానేస్తారు. నన్నడిగితే అందులో ప్రాణం రెండు మెట్లలో ఉంది: ముందు ప్రశ్న వేసుకోవడం, తర్వాత చూడకుండా చెప్పుకోవడం. ఓపిక లేని రోజు మిగిలినవి వదిలేసినా మునిగిపోయేది లేదు.

తెర మీదా కాగితం మీదా అని అడగలేదు కానీ చెబుతాను. 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేలకు పైగా చదువరులను కలిపి చూసింది. సమాచారం ఇచ్చే రచనల్లో, ముఖ్యంగా సమయం తక్కువగా ఉన్నప్పుడు, కాగితం మీద చదివినవారికి కాస్త బాగా అర్థమైంది. కథల్లో అలాంటి తేడా కనబడలేదు. తేడా పెద్దదేమీ కాదు. అయినా నిదానంగా చదవాలని ఏరుకున్న ఆ పన్నెండు పేజీలను ముద్రించుకోవడం మంచిది.

ఇంతవరకు చెప్పినవి రేపటినుంచే ఫలితమిస్తాయి. ఏడాదికి గానీ ఫలితమివ్వనిది ఇంకొకటి ఉంది, నిజమైన వేగం అదే. ఎక్కువగా చదవడం. తెలిసిన మాట మీద కన్ను తక్కువసేపు ఆగుతుంది, తెలియని మాట మీద ఎక్కువసేపు నిలిచిపోతుంది. మీ రంగంలోని మాటలు, వాదాలు, వాటి వెనుక గొడవలు పరిచయమయ్యేకొద్దీ ఒక్కో నివేదికలో మీకు కొత్తగా మిగిలేది తగ్గిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఒకే పనిలో ఉన్న అధికారి దస్త్రాన్ని రెండు నిమిషాల్లో తిరగేసి తప్పు దగ్గర వేలు పెడితే, మనం ఆయన కళ్లను మెచ్చుకుంటాం. ఆయన కళ్లకు బహుశా శుక్లాలు కూడా వచ్చి ఉంటాయి. ఆ పేజీలో ఏం ఉండాలో ఆయనకు ముందే తెలుసు, తేడాగా ఉన్నదే ఆయనకు కనిపిస్తుంది. కాబట్టి రోజుకు ఇరవై నిమిషాలు, ఏ నివేదికకూ సంబంధం లేకుండా, మీ రంగం గురించి బాగా రాసినది ఏదైనా చదవండి. రోజులో ఏదో ఒక వేళ మీకు ఇష్టమైన కథ చదవండి. అప్పుడు వేగం గురించి తలచుకోను కూడా వద్దు.

చాలా రోజులుగా కళ్లు చూపించుకోకపోతే ఒకసారి చూపించుకోండి. సాయంత్రానికి అక్షరాలు అలుక్కుపోతున్నా, నుదుటి దగ్గర నొప్పి వస్తున్నా, ఏ సలహా కంటే కళ్లద్దాలే ముందు. చిన్నప్పటినుంచీ అక్షరాలతోనే పోరాటంగా ఉండేదంటే అది వేరే సంగతి. నిపుణులు పరీక్షించి చెబుతారు, పెద్దయ్యాక వెళ్లినా సిగ్గుపడవలసింది లేదు. మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు.

ఎంత వేగం ఆశించవచ్చు? కంటి కదలికల పరిశోధనలో పేరుపొందిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్షలో ఈ శిక్షణల వాగ్దానాలన్నింటినీ పరిశీలించారు. అర్థం చెడకుండా చదువు వేగం రెండింతలు, మూడింతలు కావడం జరిగే పని కాదని తేల్చారు. నిరాశపడకండి. మీ చుక్కలు సగానికి తగ్గి, చదవనక్కరలేని పేజీలు ఏరడం అలవాటైతే, వారంలో మీకు మిగిలే గంటలు ఏ శిక్షణ వాగ్దానం కంటే ఎక్కువగా ఉంటాయి. నెలకొకసారి కొలుచుకోండి: రెండు పేజీలు చదవడానికి పట్టిన సమయం రాసుకుని, పుస్తకం మూసి, ఎవరికైనా మూడు నిమిషాల్లో చెప్పండి. వినేవారు లేకపోతే గోడకైనా చెప్పండి. చెప్పగలిగిన పేజీలే లెక్కలోకి వస్తాయి.

చివరగా ఆ చిన్న సందేహం. పుస్తకాన్ని మధ్యలో వదిలేయండి, తప్పేమీ లేదు. నేను యాభై పేజీలు చూస్తాను. ఆ తర్వాత కూడా పెన్సిల్ చుక్కలే పెడుతుంటే వదిలేస్తాను. మూడేళ్లకో అయిదేళ్లకో మళ్లీ తెరిస్తే వాటిలో కొన్ని ఒక్క బిగిన చదివించాయి, ఈలోగా నాకు అవసరమైన సరుకు ఎక్కడో సమకూరి ఉంటుంది. కొన్నింటిని రెండోసారి కూడా వదిలేశాను. ఉద్యోగం కోసం చదివే నివేదికకు ఈ స్వేచ్ఛ లేదు కానీ, దాని అనుబంధాలను ఎలాగూ వదిలేయమన్నాను.